ముందు రంగును పలకరించండి, ఆ తర్వాత జిగురును

ప్రశ్న: మా ఇంట్లో ముప్పై ఏళ్ల నాటి ఇనుప బీరువా ఉంది. ఆకుపచ్చ రంగు. మా అబ్బాయి రెండేళ్లుగా దాని తలుపుల మీద బొమ్మల స్టిక్కర్లు అతికిస్తూ వచ్చాడు. ఇప్పటికి పాతిక పైనే ఉంటాయి. కొన్ని కాగితానివి, కొన్ని ప్లాస్టిక్‌వి. మొన్న ఒకదాన్ని కత్తితో గీరితే దానితో పాటు రంగు కూడా లేచి లోపలి ఇనుము బయటపడింది. ఇంకోచోట జిగురు మరక మీద గోళ్ల రంగు తుడిచే ద్రవం రాశాను. జిగురు పోయింది గాని దూదికి పచ్చరంగు అంటింది, అక్కడ మెరుపు పోయి మసకబారింది. కొబ్బరినూనె రాయమని ఒకరు, కిరోసిన్ అని ఇంకొకరు, పెట్రోలు అని మావారు. ఎవరి మాట వినాలి? కొత్త ఫ్రిజ్ తలుపు మీద అంటించి వచ్చిన పెద్ద లేబులు, మావారి స్కూటరు మీద ఎండకు పగుళ్లు తేలిన ప్లాస్టిక్ పట్టీ కూడా తీయాలి. నేను పాడుచేసిన రెండు చోట్లూ బాగుపడతాయా? మరొక మాట. ఆ స్టిక్కర్లలో ఒక పులిబొమ్మ ఉంది. అది చిరగకుండా తీసి ఇస్తేనే మిగతావి ముట్టనిస్తానని మావాడు భీష్మించుకు కూర్చున్నాడు. – ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, అన్నిటికంటే ముందు ఆ మసకబారిన చోటు సంగతి. దాన్ని ఇక ముట్టుకోకండి. తుడవడం, రుద్దడం, ఆరిందా లేదా అని వేలితో తడిమి చూడడం, ఏదీ వద్దు. ద్రావణి, అంటే కరిగించే ద్రవం, తగిలి మెత్తబడిన రంగు, ఆ ద్రావణి పూర్తిగా ఆవిరైపోయాక చాలావరకు మళ్లీ గట్టిపడుతుంది. అయితే మెత్తగా ఉన్నప్పుడు వేలిముద్ర పడినా, గుడ్డ పోగు అంటుకున్నా, ఆ ముద్రతోనే గట్టిపడుతుంది. ఒక వారం దాని మానాన దాన్ని వదిలేయండి. వైద్యం తర్వాత చెబుతాను.

గోళ్ల రంగు తుడిచే ద్రవం మిమ్మల్ని మోసం చేయలేదు. దాని పని అది చేసింది. గోళ్లకు వేసుకునే రంగు ఎక్కువగా నైట్రోసెల్యులోజ్ అనే పదార్థంతో చేసిన లాకర్, అంటే ద్రావణి ఆవిరైపోతే చాలు ఆరిపోయే రకం రంగు. 1920లలో కార్లకు వేసిన రంగు కూడా ఆ కుటుంబానిదే. దాన్ని కరిగించడానికే అసిటోన్‌నో ఇథైల్ అసిటేట్‌నో ఆ చిన్న సీసాలో పోసి అమ్ముతారు. రంగు తీయడానికే పుట్టిన ద్రవం మీ బీరువా దగ్గరికి వచ్చి, జిగురును మాత్రమే పట్టుకుని రంగును మర్యాదగా వదిలిపెడుతుందని అనుకోవడం దానికి మనం చేసే అన్యాయం.

నేనూ ఈ అన్యాయం చేసినవాడినే. వయసులో ఉన్నప్పుడు పాత సైకిలు ఒకటి కొన్నాను. దాని చట్రం మీద ముందటి యజమాని అంటించుకున్న పేరు స్టిక్కరు నాకు కంటగింపు. రంగును పలచబరచడానికి వాడే థిన్నర్‌లో గుడ్డ ముంచి దాని మీద చుట్టి, టీ తాగి వచ్చాను. వచ్చేసరికి స్టిక్కరు చెక్కుచెదరలేదు. చుట్టూ ఉన్న రంగు మాత్రం కాచిన పాల మీది మీగడలా ముడతలు పడి, వేలితో తోస్తే జరుగుతోంది. స్టిక్కరు కింది రంగు ఒక్కటే క్షేమం. ప్లాస్టిక్ పొర దాన్ని థిన్నర్ నుంచి కాపాడింది మరి! ఆ పేరుతోనే ఆ సైకిలును ఆరేళ్లు తొక్కాను.

అందువల్ల ఏ నూనె, ఏ మందు అన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టండి. కింద ఉన్న రంగు ఏ రకం అన్నది తేలితే ఆ ప్రశ్న సగానికి పైగా తీరిపోతుంది. ఇనుము మీద వేసే రంగులన్నీ మన కంటికి ఒకేలా మెరుస్తాయి గాని వాటి ఓర్పులో చాలా తేడా ఉంది. పొడి రూపంలో చల్లి, 180 నుంచి 200 డిగ్రీల వేడిలో కరిగించి గట్టిపరిచే పౌడర్ కోటింగ్ మొండిది. కార్ల కర్మాగారాల్లో పొయ్యిలో పెట్టి కాల్చిన రంగు, పైన పారదర్శకమైన పొర ఉన్న రంగు కూడా మామూలు మందులకు లొంగవు. వీటి తర్వాత బ్రష్షుతోనో స్ప్రేతోనో వేసి గాలికి ఆరబెట్టే ఎనామెల్. ఇది గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుంటూ గట్టిపడుతుంది. కిరోసిన్‌ను, టర్పెంటైన్‌ను ఓర్చుకుంటుంది గాని అసిటోన్‌కు, థిన్నర్‌కు మెత్తబడి ముడతలు పడుతుంది. అన్నిటికంటే సుకుమారమైనవి లాకర్లు, చేతి డబ్బాతో చల్లుకునే మామూలు స్ప్రే రంగులు. వేసి ఎన్నేళ్లయినా సరే, తమను పలచబరిచే ద్రావణి మళ్లీ తగిలితే కరిగిపోతాయి.

మీ దూదికి పచ్చరంగు అంటిందంటే మీ బీరువాది గాలికి ఆరిన ఎనామెల్ అయినా కావాలి, లాకర్ అయినా కావాలి. ఏదైనా అసిటోన్‌కు, థిన్నర్‌కు ఆ ఇంట్లో ఇక ప్రవేశం లేదు.

మిగతా వాటి సంగతి తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష. బీరువా తలుపు లోపలి అంచునో, వెనకవైపు కింది మూలనో ఎంచుకోండి. మీరు వాడదలచుకున్న ద్రవంలో తెల్లటి నూలు గుడ్డను తడిపి అక్కడ ఒక నిమిషం అదిమి ఉంచి, మెల్లగా తుడవండి. గుడ్డకు రంగు దిగిందా, ఆ చోటు బంకబంకగా తగులుతోందా, ఆరాక పక్కనున్న మెరుపుతో కలిసిందా అని వెలుతురులో ఏటవాలుగా చూడండి. గుడ్డకు లేతగా రంగు అంటినంత మాత్రాన బెదిరిపోనక్కరలేదు. పాతబడిన రంగు పైన సన్నటి పొడి పొరలా మారుతుంది, అది వట్టి నీళ్లకూ వస్తుంది. అందుకని ముందు సబ్బు నీటితో ఆ మూల కడిగి, ఆరాక పరీక్ష చేయండి. అప్పుడు వచ్చే జవాబు నిజమైన జవాబు.

ఇక జిగురు. స్టిక్కరుకు ఉండే జిగురు మామూలు గోందులా ఆరి గట్టిపడేది కాదు. నొక్కితే అంటుకునే మెత్తటి పదార్థం, మామూలుగా చివరిదాకా మెత్తగానే ఉంటుంది. తేనెలా పారే గుణం, రబ్బరులా సాగే గుణం రెండూ కొద్దికొద్దిగా ఉంటాయి. అంటించిన రోజున పైపైనే పట్టుకుంటుంది. రోజులు గడిచేకొద్దీ కింది రంగులోని కంటికి కనబడని గుంటల్లోకి పారి, పట్టు బిగిస్తుంది. నిన్న అంటించిన స్టిక్కరు ఇట్టే ఊడిరావడానికి, రెండేళ్ల నాటిది ప్రాణం తీయడానికి కారణం ఇదే. ఎండ కూడా తోడైతే జిగురు గట్టిపడి పెళుసవుతుంది. పై ప్లాస్టిక్‌లో మెత్తదనం కోసం కలిపిన పదార్థం కొంత జిగురులోకి జారిపోయి, ప్లాస్టిక్ బిరుసెక్కి చిట్లుతుంది. మీవారి స్కూటరు పట్టీకి పట్టిన గతి అదే.

ఇలా కొంత పారే, కొంత సాగే పదార్థానికి ఒక విచిత్రమైన గుణం ఉంది. ఒక్క ఉదుటున లాగితే గట్టి వస్తువులా ఎదురు తిరుగుతుంది, నింపాదిగా లాగితే పారే వస్తువులా దారి ఇస్తుంది. చటుక్కున పీకితే నొప్పి తెలియదనే మాట గాయం మీది పట్టీకి చెల్లుతుందేమో గాని బీరువా మీద చెల్లదు. ఎంత వేగంగా లాగితే జిగురు అంత బలంగా రంగును పట్టుకుని పైకి లాగుతుంది. రంగుకు ఇనుముతో ఉన్న బంధం ఆ చోట బలహీనంగా ఉంటే పెచ్చుగా లేస్తుంది.

1920లలో అమెరికాలో రెండు రంగుల కార్ల మోజు నడిచినప్పుడు పెయింటర్లకు ఇదే తిప్పలు వచ్చింది. మొదటి రంగు మీద కాగితం కప్పి, బంకతో అంటించి, రెండో రంగు చల్లేవారు. కాగితం పీకితే మొదటి రంగు కూడా లేచి వచ్చేది. త్రీఎం సంస్థలో పనిచేస్తున్న రిచర్డ్ డ్రూ అనే యువకుడు వాళ్ల తిట్లు చెవులారా విని, 1925లో రంగును వదిలివచ్చే టేపును తయారుచేశాడు. అదే మాస్కింగ్ టేపు. అంటే రంగు వేసిన లోహం మీద అంటించి, రంగు చెడకుండా తీయడమెలా అన్న మీ ప్రశ్న నూరేళ్ల నాటిదే. దానికోసం ఒక కొత్త వస్తువే పుట్టింది. మీ అబ్బాయి స్టిక్కర్లను మాత్రం తిరిగి తీయాలన్న ఆలోచనతో ఎవరూ చేయలేదు.

బీరువా పని కాగితం స్టిక్కర్లతో మొదలుపెట్టండి. అవి తేలిక. గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కలు పాత్రల సబ్బు వేసి, గుడ్డ ముంచి, పిండకుండా స్టిక్కరు మీద కప్పండి. కాగితం మీద నిగనిగలాడే ప్లాస్టిక్ పూత ఉంటే నీళ్లు లోపలికి దిగవు. ఆ పూత ఒక మూల పైకి లేస్తే గోటితో పట్టి ముందు దాన్ని పొరగా ఒలవండి. పదిహేను, ఇరవై నిమిషాలకు కాగితం నానిన అట్టలా అయిపోతుంది. వేలితో తోస్తే ఉండలుగా వస్తుంది. కింద జిగురు మిగులుతుంది, మిగలనివ్వండి. కాగితం ఉండగా జిగురు మందు రాస్తే ఆ మందును కాగితం తాగేస్తుంది గాని జిగురు దాకా చేరనివ్వదు. చాలామంది నూనె రాశాం, ఏమీ కాలేదు అని చెప్పేది ఈ దశను దాటేసినందువల్లే.

ప్లాస్టిక్ స్టిక్కర్లకు నీళ్లతో పని లేదు, వేడి కావాలి. తల ఆరబెట్టుకునే హెయిర్ డ్రయ్యర్ చాలు. జానెడు దూరంలో పట్టుకుని, ఒకేచోట నిలపకుండా అటూ ఇటూ ఆడిస్తూ ఒక నిమిషం గాలి కొట్టండి. చెయ్యి పెడితే బాగా వెచ్చగా తగలాలి, చుర్రుమనకూడదు. పెయింటు ఒలవడానికి వాడే హీట్ గన్ ఎవరైనా ఇస్తామన్నా తీసుకోకండి. వాటిలో చాలావాటి గాలి వేడి 500 డిగ్రీలు దాటుతుంది. అది బీరువా రంగును పొక్కులు లేపుతుంది. పైగా ముప్పై ఏళ్ల నాటి రంగులో సీసం ఉండే అవకాశం ఉంది. అలాంటి రంగును మాడ్చి ఆ పొగ పీల్చడం, అదీ పిల్లలున్న ఇంట్లో, ఏ స్టిక్కరుకూ తగని మూల్యం.

వేడెక్కిన స్టిక్కరు ఒక మూలను గోటితో లేపండి. గోరు ఆగకపోతే పనికిరాని ప్లాస్టిక్ కార్డు అంచు వాడండి. లేచిన మూలను పైకి, మీ వైపు లాగకండి. వెనక్కి మడిచి, దాదాపు స్టిక్కరు మీదుగానే, తలుపుకు ఆనుకున్నట్టుగా లాగండి. పైకి లాగితే మీ బలమంతా రంగును ఇనుము నుంచి ఎత్తే దిశలో పడుతుంది. వెనక్కి లాగితే ఎక్కువ భాగం పక్కకు పోతుంది. ఎంత నింపాదిగా అంటే, స్టిక్కరు ఊడుతున్న గీత కదలడం మీ కంటికి కనిపించాలి. గీత ఆగిపోతే బలం పెంచవద్దు, మళ్లీ గాలి కొట్టండి. ఒక హెచ్చరిక. మరీ వేడిచేస్తే జిగురు పల్చబడి తీగలు సాగుతుంది, సగం స్టిక్కరుతో వచ్చి సగం తలుపు మీదే ఉండిపోతుంది. తీగలు కనిపిస్తే కాస్త చల్లారనివ్వండి. ఈ వేడి అంచనా రెండు మూడు స్టిక్కర్ల తర్వాత చేతికి దానంతట అదే తెలుస్తుంది. అందుకే మూలన, కింద ఉన్నవాటితో మొదలుపెట్టి, కళ్లెదుట ఉన్నవాటిని చివరికి ఉంచుకోండి.

స్టిక్కర్లు పోయాక మిగిలిన జిగురు మరకలే అసలు పని. ముందు మందు లేకుండా ప్రయత్నించండి. గోధుమరంగు టేపు ముక్కను జిగురువైపు బయటికి ఉండేలా వేలికి చుట్టుకుని, మరక మీద అద్ది లేపడం, అద్ది లేపడం. జిగురుకు జిగురంటే ఇష్టం. మరక తాజాదైతే సగానికి సగం టేపుకు అంటి వచ్చేస్తుంది. లేదా పొడి వేలితో ఒకే దిశలో తోస్తూ పోతే చిన్న చిన్న ఉండలు కడుతుంది. విసుగు పని, నిజమే. కాని ఇందులో రంగుకు పోయేది ఏమీ లేదు.

అయినా పోని దానికి మీ సలహాదారుల మాటలు చూద్దాం. కొబ్బరినూనె చెప్పినవారిది మంచి మాట. కొబ్బరి అనే కాదు, వంటింట్లోని ఏ నూనె అయినా ఆ పనే చేస్తుంది. నూనె జిగురును కరిగించదు, దానిలోకి మెల్లగా ఇంకి ఉబ్బిస్తుంది. ఉబ్బిన జిగురు పట్టు వదులుతుంది. ఈ ఇంకడానికి సమయం కావాలి. నూనె రాసి అప్పటికప్పుడు రుద్దినవారే నూనె పనిచేయదని ప్రచారం చేస్తారు. దూదిని నూనెలో ముంచి మరక మీద పెట్టి, పైన పలచటి ప్లాస్టిక్ కాగితం కప్పి, టేపుతో ఆపండి. టేపు రంగు మీద కొద్దిగానే తగిలేలా చూడండి, కొత్త మరక తెచ్చిపెట్టుకోవద్దు! అరగంట ఆగి చూడండి, పాత మరక అయితే రాత్రంతా ఉంచండి. తర్వాత కార్డు అంచుతో తోస్తే జిగురు బురదలా కదులుతుంది. ఇలాంటి మెరిసే రంగులకు నూనె వల్ల సాధారణంగా హాని ఉండదు కాబట్టి పాత బీరువాకు నా మొదటి ఓటు దానికే.

కిరోసిన్ చెప్పినవారిదీ తప్పు కాదు. రబ్బరు ఆధారంగా చేసిన జిగురుకు పెట్రోలియం జాతి ద్రవాలంటే లోకువ. బాగా ఆరి గట్టిపడిన ఎనామెల్ వాటిని తట్టుకుంటుంది. పెయింటర్లు వాడే టర్పెంటైన్ కూడా ఆ కోవలోదే. తుప్పు పట్టిన బోల్టుల మీద చల్లే స్ప్రే కూడా దాదాపు అలాగే పనిచేస్తుంది, దానిలోనూ ఎక్కువ భాగం పెట్రోలియం ద్రావణే కాబట్టి. నూనెకు లొంగని మరక మీద, పరీక్ష చేశాక, గుడ్డకు కొద్దిగా తడిచేసి అద్దండి. ఐదు నిమిషాలు ఆగి తుడవండి. జిగురు పసుపురంగు తిరిగి తీగలు సాగుతుంటే అది రబ్బరు జాతిది, కిరోసిన్‌కు త్వరగా లొంగుతుంది. తేటగా, రంగు మారకుండా ఉంటే అక్రిలిక్ జాతిది కావచ్చు. దానికి చేతులు శుభ్రం చేసుకునే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఎక్కువ అక్కరకొస్తుంది. లాకర్ రకం రంగును ఆల్కహాల్ కూడా మసకబార్చగలదు, అందుకే ముందు మూలన పరీక్ష.

మీవారి పెట్రోలు విషయంలో మాత్రం నేను మీ పక్షాన ఉంటాను. పనిచేయదని కాదు, బాగానే పనిచేస్తుంది. కిరోసిన్ మండేంత ఆవిరి ఇవ్వాలంటే 38 డిగ్రీల పైన వేడెక్కాలి. పెట్రోలు సున్నాకు దిగువన 40 డిగ్రీల చలిలో కూడా మండే ఆవిరిని వదులుతూనే ఉంటుంది. ఆ ఆవిరి గాలికంటే బరువైనది, నేలబారున పాకి పక్కగదిలోని మంట దాకా పోగలదు. ఫ్రిజ్ తలుపు తీసినప్పుడు దీపం వెలిగే మీట దగ్గర పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు. పైగా అందులో బెంజీన్ ఉంటుంది, అది క్యాన్సర్ కారకం. ఇంటి లోపల పెట్రోలు సీసా తెరవడానికి స్టిక్కరు ఒక కారణమే కాదు.

కిరోసిన్‌కు, ఆల్కహాల్‌కు కూడా ఒక నియమం పాటించండి. మందు తగిలిన చోట ఆ తర్వాత హెయిర్ డ్రయ్యర్ పెట్టకూడదు. వేడి పని ముందు, మందు పని తర్వాత. మధ్యలో వెనక్కి వెళ్లడం లేదు. కిటికీలు తెరిచి ఉంచండి, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోండి.

గీరడానికి కత్తి, బ్లేడు, పాత్రలు తోమే స్టీలు పీచు మూడూ నిషిద్ధం. ఇవి చెడ్డవని అందరికీ తెలుసు, మీకు కూడా ఇప్పుడు తెలిసింది. తెలియకుండా దెబ్బతీసేది ఇంకొకటి ఉంది. నీళ్లతో తడిపి తుడిస్తే ఏ మరకనైనా పోగొట్టే తెల్లటి మాయ స్పాంజి. అది మెలమైన్ అనే గట్టి ప్లాస్టిక్ నురుగు, నిజానికి అతి సన్నటి ఉప్పు కాగితం. జిగురు పోతుంది, దానితో మెరుపు కూడా పోతుంది. టూత్‌పేస్టు, వంట సోడా ముద్దలదీ అదే తంతు. మెరుపు లేని రంగు మీద అయితే అంత తెలియదు గాని, మెరిసే తలుపు మీద రుద్దిన చోటు గుండ్రంగా కనబడుతూనే ఉంటుంది.

జిగురంతా పోయాక సబ్బు నీళ్లతో రెండుసార్లు కడిగి, పొడిగుడ్డతో తుడవండి. నూనె పొర మిగిలితే దుమ్ము పట్టి, నెల తిరగకుండా అక్కడ నల్లటి మచ్చ తేలుతుంది. మరక పోలేదని మళ్లీ రుద్దడం మొదలుపెడతారు. నూనె మిగిలిన చోట రంగు వేసినా నిలవదు, గుంటలు గుంటలుగా చీలుతుంది.

ఫ్రిజ్ సంగతి తొందరగా ముగిద్దాం. కొత్తది, లేబులు కొత్తది, జిగురుకు ఇంకా పట్టు బిగియలేదు. ఆలస్యం చేయకుండా ఈ వారమే తీసేయండి. హెయిర్ డ్రయ్యర్, నింపాది చెయ్యి, మిగిలిన దానికి నూనె, ఆ తర్వాత సబ్బు నీళ్లు. చాలా ఫ్రిజ్ తలుపుల మీద కనిపించే మెరుపు రంగు కాదు, రేకుకు అతికించిన ప్లాస్టిక్ పొర. అందుకని అక్కడ కూడా అసిటోన్ వద్దు. నారింజ తొక్కల నూనెతో చేసిన జిగురు మందులు బయటి తలుపుకు పనికొస్తాయి గాని, లోపలి తెల్లటి ప్లాస్టిక్ గోడలకు, తలుపు చుట్టూ ఉండే రబ్బరుకు తగలనివ్వకండి. ఆ గోడలకు ఎక్కువగా వాడే పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌ను ఆ నూనె కరిగిస్తుంది.

స్కూటరుకు ముందుగా అయస్కాంతం తెచ్చి ఆ పట్టీ ఉన్నచోట పెట్టి చూడండి. అంటుకోకపోతే అది రేకు కాదు, రంగు వేసిన ప్లాస్టిక్. అప్పుడు నూనె, సబ్బు నీళ్లు తప్ప మరేదీ వద్దు. రేకైతే కొంత ధైర్యం చేయవచ్చు. పెట్రోలు ట్యాంకుకు దగ్గరగా ఉంటే హెయిర్ డ్రయ్యర్ మాట ఎత్తకండి. బండిని అరగంట ఎండలో నిలపండి, లేదా వేడినీళ్లలో ముంచి పిండిన తువ్వాలు కప్పండి. చిట్లిన పట్టీ ఒక్క ముక్కగా రాదు, గోరంత గోరంత ముక్కలుగా వస్తుంది. ఈ పని మీవారికే అప్పగించండి. పెట్రోలు సలహా ఇచ్చినవారికి ఆ మాత్రం శిక్ష ఉండాలి.

పట్టీ పోయాక ఆయన ఇంకో ఫిర్యాదు తెస్తారు. జిగురంతా పోయింది, అయినా పట్టీ ఆకారం అలాగే కనిపిస్తోంది అని. అది మరక కాదు. పట్టీ కింద ఎండ తగలని అసలు రంగు, చుట్టూ వెలిసిన రంగు. ఏ మందూ దాన్ని తీయలేదు, ఎందుకంటే తీయడానికి అక్కడ ఏమీ లేదు. చేయగలిగింది చుట్టూ ఉన్న వెలిసిన పొరను రబ్బింగ్ కాంపౌండ్‌తో, అంటే పైపొరను సన్నగా అరగదీసే ముద్దతో, మెల్లగా పాలిష్ చేసి, లోపలి తాజా రంగును కొంత పైకి తేవడం. తేడా తగ్గుతుంది, పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేను. మీ బీరువా మీద కూడా స్టిక్కర్ల నీడలు కొన్ని కనిపిస్తాయి. తెల్ల ఎనామెల్ వేసిన వస్తువుల మీద ఇది తమాషాగా తిరగబడుతుంది. ఆ రంగు చీకట్లో పసుపెక్కుతుంది కాబట్టి స్టిక్కరు కింది భాగమే పసుపుగా కనిపిస్తుంది. కొన్నాళ్లు వెలుతురు తగిలితే చాలావరకు తెల్లబడుతుంది.

ఇప్పుడు మీ రెండు గాయాలు. మసకబారిన చోట వారం గడిచాక గోటితో అంచున మెల్లగా నొక్కి చూడండి. గోటిగుర్తు పడకపోతే గట్టిపడినట్టే. అదే రబ్బింగ్ కాంపౌండ్‌ను సన్న రకం తెచ్చి, మెత్తని గుడ్డకు బఠాణీ గింజంత తీసుకుని, బలం పెట్టకుండా చిన్న సున్నాలు చుడుతూ రుద్దండి. గుడ్డకు కొద్దిగా పచ్చరంగు వస్తుంది, రావాలి కూడా. పాడైన పైపొర అది. పది చుట్లకోసారి ఆగి తుడిచి చూడండి. మెరుపు తిరిగి వచ్చిన క్షణాన ఆపేయండి. పాత రంగు పొర ఎంత పలచనో మనకు తెలియదు, ఇంకొంచెం అనుకుంటే ఇనుము తేలుతుంది. పైన ఒక పూత వ్యాక్స్ పాలిష్ పట్టిస్తే పక్కచోటుతో కలిసిపోతుంది. రంగు ముడతలు పడి ఉంటే మాత్రం పాలిష్‌తో కుదరదు, అది మళ్లీ రంగు వేయాల్సిన చోటే.

కత్తి గాటును వారం ఆపకండి. బయటపడ్డ ఇనుముకు గాలిలోని తేమ చాలు, తుప్పు మొదలై రంగు కింద కిందనే పాకుతుంది. గాటు చుట్టూ లేచిన పెచ్చులను వేలితో దులపండి. అంచులను సన్నటి ఉప్పు కాగితంతో నీళ్లు తడుపుతూ కొద్దిగా నునుపు చేయండి. పొడిగా రుద్దవద్దు, సీసం ఉన్న రంగు అయితే ఆ ధూళి ప్రమాదం. తుడిచిన గుడ్డను పారేయండి, పిల్లవాణ్ని ఆ పూట దూరంగా ఉంచండి. ఆరాక ఆల్కహాల్‌తో తుడిచి, సన్న కుంచెతో రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) ఒక చుక్క, మర్నాడు ఎనామెల్ పలచగా రెండు పూతలు. పచ్చ పచ్చలో కలవడం కష్టం. డబ్బా మీది రంగు చూసి కొనకుండా, బీరువా నుంచి ఊడిన పెచ్చును వెంట తీసుకెళ్లి పోల్చుకోండి.

కిరోసిన్ గుడ్డలను ఉండచుట్టి మూల పడేయవద్దు. బయట విడివిడిగా పరిచి, పూర్తిగా ఆరాకే పారేయాలి.

ఇక పులిబొమ్మ. కాగితంది అయితే మీవాడికి ఇప్పుడే నిజం చెప్పేయండి, అది బతికి బయటపడదు. ప్లాస్టిక్‌ది అయితే మిగతావి తీసి చెయ్యి కుదిరాక, చివరగా దాని పని పట్టండి. మందు చుక్క కూడా తగలనివ్వకండి, ఒట్టి వేడి చాలు. కొత్త స్టిక్కర్ల వెనక ఉండే నున్నటి కాగితం ఉంటుంది చూడండి, జిగురు అంటకుండా సిలికోన్ పూత పూసింది, అది ఒకటి ముందే సిద్ధంగా పెట్టుకోండి. పులి తోకవైపు నుంచి లేపుతూ, ఊడినంత మేరా ఆ కాగితం మీద పరుచుకుంటూ రండి. గాలిలో వేలాడనిస్తే మెలితిరిగి తనకు తానే అంటుకుంటుంది, ఇక విడదీయలేరు. జిగురు కొంత పోయినా మరోచోట నిలిచేంత మిగులుతుంది. ఈసారి దాన్ని కిటికీ అద్దం మీద అతికించుకోమనండి. అక్కడైతే రేపు మీరు బ్లేడు పట్టుకుని గీరినా నేను ఏమీ అనను.